చల్లన వేరు, చలవ వేరు

ఆసుపత్రి వంటలో ఉప్పు తక్కువ, కారం ఉండదు, నూనె కనపడదు, ఇక నేర్చుకోవడానికి ఏముంటుంది అనుకుంటారు కొత్తగా చేరే అమ్మాయిలు. నేనూ అలాగే అనుకుని చేరాను. ఎండుమిరపకాయ ఘాటు లేకపోతే ముద్ద దిగని ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. రోగుల వంటంటే వంట రానివాళ్లు చేసుకునేదని నా అభిప్రాయం. అది ఎంత తప్పో తెలియడానికి నాకు మూడు వేసవులు పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను. ఎప్పుడు చేరాను, ఏ హోదాలో దిగాను అనే సంగతులు ఇందులో ఉండవు. వాటివల్ల ఎవరి కడుపూ నిండలేదు.

మా వంటగది

వినుకొండకూ అద్దంకికీ మధ్య పత్తి చేల నడుమ ఉన్న చిన్న ఊళ్లో మిషన్ ఆసుపత్రి మాది. నేను బడికి వెళ్లలేదు. మా నాన్న సాయంత్రం చేలోంచి వచ్చాక బైబిలు ఒళ్లో పెట్టుకుని, నా వేలు పట్టుకుని అక్షరాల మీద నడిపించేవాడు. వంట అమ్మ నేర్పింది. ఈ రెండు చదువులతోనే ఉద్యోగంలో చేరాను. వార్డుల నుంచి వచ్చే డైటు చీటీలు ఇంగ్లీషులో ఉండేవి. ఏ ఆకారానికి ఏ వంటో బొమ్మలు గుర్తుపట్టినట్టు గుర్తుపట్టడం నేర్చుకున్నాను. అంతమాత్రం చదువుతో ఇన్నేళ్లు నిలబెట్టిన దేవునికి ఇప్పటికీ పొద్దున్నే స్తోత్రం చెప్పుకుంటాను.

వంటగదికి పెద్ద ఎస్తేరమ్మ గారు. మా అందరికీ పెద్ద మేట్రన్ గారు. వేసవిలో నోటికి ఏదీ సయించని రోగుల కోసం ఎస్తేరమ్మ గారు ఒక వంటకం చేసేవారు. నానబెట్టిన సగ్గుబియ్యం అద్దంలా అయ్యేదాకా ఉడికించి, పాలు పోసి మరగనిచ్చి, పంచదార వేసి దించాలి. పూర్తిగా చల్లారాక, గుడ్డలో వడకట్టిన మామిడిపండు రసం కలపాలి. పాలు ఏమాత్రం వెచ్చగా ఉన్నా రసం పడగానే విరిగిపోతాయి. ఆ తరువాత గిన్నెను ఐసు తొట్టిలో దించి గంటసేపు వదిలెయ్యాలి. దొరసానుల కాలంలో ఇదే వంటగదిలో కోడిగుడ్డు కస్టర్డు చేసేవారట. గుడ్డు ముట్టని వాళ్లూ మన దగ్గరికి వస్తారు గదా అని ఎస్తేరమ్మ గారు దాన్ని సగ్గుబియ్యంలోకి మార్చారు. రోగి సంగతి ఆలోచించి వంట మార్చడమంటే ఏమిటో నేను మొదట చూసింది అక్కడే. చూశాను గానీ, అప్పుడు అర్థం కాలేదు.

మిరపకాయల గోతం

ఆసుపత్రిలో ఉన్న ఒక్క ఫ్రిజ్జూ మందులకే. అందులో గిన్నె పెడితే మేట్రన్ గారు చేయి విరిచేవారు. అందుకని ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మ తెప్పించి, ఊక పోసి గోతంలో చుట్టి ఉంచేవాళ్లం. మొదటి వేసవిలో ఒకరోజు గోతం చిరిగిపోతే, మా ఇంటి నుంచి ఒకటి పట్టుకొచ్చాను. దులిపాను, ఎండలో పెట్టాను. ఉతకలేదు. అది మిరపకాయలు నింపిన గోతం. మా ఇళ్లలో గోతమంటే అదే, వేరే రకం ఉంటుందని కూడా తోచదు. పైగా తొట్టిలో గిన్నె దించేంత తీరిక లేక, గోతంలోంచి ఐసు ముక్కలు తీసి తిన్నగా సగ్గుబియ్యంలోనే వేసేశాను.

మేట్రన్ గారు ట్రేలో గిన్నె మూత తీసి ఒక చెంచా నోట్లో పెట్టుకున్నారు. కళ్లెంబడి నీళ్లు కారాయి.

“ఎస్తేరమ్మా, మీవాళ్లు పాయసానికి కూడా తాలింపు పెడతారా?”

ఎస్తేరమ్మ గారు వాసన చూసి గోతం వైపు చూశారు, తరువాత నా వైపు. “ఈ పిల్లది మిరపచేల దేశం కదండీ, చేతి అలవాటు,” అన్నారు.

వాళ్లిద్దరూ నవ్వారు. నేను ఏడ్చాను. ఆ గిన్నె గొంతు ఆపరేషనయిన ఒక టీచరు గారికి వెళ్లవలసింది. మేట్రన్ గారు తిట్టలేదు. “వెళ్లి ఆయనతో నువ్వే చెప్పు, నావల్ల ఆలస్యమైందని,” అన్నారు. చెప్పాను. ఆయన గొంతు పెగలక పలక మీద రాసి చూపించారు: “పర్వాలేదు, ఆకలి ఎక్కడికీ పోదు.”

ఐసు గిన్నెకు బయటే ఉండాలి, లోపలికి రాకూడదు అన్నది ఆ రోజు చేతికి తెలిసింది. తప్పు చేస్తే రోగి ముందుకు నేనే వెళ్లి చెప్పాలి అన్నది కూడా తెలిసిందనుకున్నాను. తెలియలేదని మూడో వేసవిలో తేలింది.

కోటేశ్వరి, అంకమ్మ

ఎనభైలలో ఒక మే నెల. అద్దంకి వైపు పల్లె నుంచి కోటేశ్వరి అనే ఇరవై ఏళ్ల అమ్మాయిని టైఫాయిడ్‌తో తెచ్చారు. వెంట వచ్చింది ఆమె అత్త అంకమ్మ. కోటేశ్వరి ఆమెకు సొంత తమ్ముడి కూతురే. కొడుక్కి చేసుకుంది. కొడుకు వరండాలో పడుకునేవాడు, అంకమ్మ మంచం పక్కన నేల మీద.

ఊళ్లో పదకొండు రోజులు లంకణాలు చేయించి తీసుకొచ్చారు. జ్వరం వస్తే తిండి మాన్పించడం మా వైపు పాత అలవాటు. వచ్చేనాటికి ఆ పిల్ల మణికట్టు నా రెండు వేళ్లలో ఇమిడిపోయేది. మందులకు జ్వరం దిగింది గానీ రొట్టె ముక్క చూస్తే వాంతి, పాలు చూస్తే వాంతి. డాక్టరమ్మ గారు వంటగదికే వచ్చి చెప్పారు. “పేగులు లోపల పచ్చిపుండులా ఉంటాయి. పీచు, గింజ, కారం ఏదీ వెళ్లకూడదు. కానీ ఏదో ఒకటి వెళ్లాలి. మందు పనిచేసినా ఆ ఒంట్లో తట్టుకునే ఓపిక లేదు. ఏం చేస్తారో మీ ఇష్టం.”

వడకట్టిన రసమైతే పెట్టవచ్చని ఆవిడ చీటీ రాశాక, సగ్గుబియ్యం మామిడి రసం చేసి పట్టుకెళ్లాను. అంకమ్మ గుమ్మంలోనే ఆపింది.

“ఏందమ్మా అది?”

“చల్లగా ఉంటది పెద్దమ్మా. మామిడిపండు రసం.”

“తీసుకుపో.”

“డాక్టరమ్మ గారు...”

“తీసుకుపొమ్మన్నానా. జరం పేషెంటుకి మామిడిపండా? ఐసులో పెట్టి మరీనా? మీకు పిల్లాజెల్లా లేరా?”

వార్డులో వాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. చదువులేని మొండి మనిషి అనుకున్నాను, నేనేదో పెద్ద చదువులు చదివినదానిలా.

మరునాడు పదిగంటల వేళ అంకమ్మ గుడ్డలు ఉతకడానికి కుళాయి దగ్గరికి వెళ్లడం చూసి, గిన్నె కొంగు కింద పెట్టుకుని వార్డులోకి వెళ్లాను. కోటేశ్వరి కళ్లు మూసుకుని నాలుగు చెంచాలు తింది. వాంతి కాలేదు. మూతి తుడిచి వచ్చేశాను. ఆ మరునాడు ఆరు చెంచాలు. వెనక్కి వస్తూ దేవునికి వందనాలు చెప్పుకున్నాను. దొంగతనంగా పెట్టే గిన్నె మీద ప్రార్థన చేశానన్న ఆలోచన అప్పుడు రాలేదు.

మూడోరోజు దిండు సర్దుదామని అంకమ్మ వంగింది. రసాల మామిడి వాసన ఎంత తుడిచినా పోయేది కాదు.

వంటగది గుమ్మంలో

“ఎవరమ్మా మా పిల్లకి మామిడిపండు పెట్టింది?”

ఆమె అరవలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది. ఎస్తేరమ్మ గారు గరిటె పక్కన పెట్టి నా వైపు చూశారు.

“నేనే పెద్దమ్మా,” అన్నాను. “పండు కాదు, వడకట్టిన రసం. డాక్టరమ్మ గారు పెట్టమన్నారు.”

“నన్నడిగావా?”

“అడిగితే వద్దంటారని...”

“వద్దంటానని తెలిసే పెట్టావు.”

ఆమె వెనక్కి తిరిగి కొడుకును పిలిచి, బస్టాండుకు వెళ్లడానికి రిక్షా తెమ్మంది. ఈ ఆసుపత్రిలో ఇక ఒక్క పూట ఉండేది లేదంది.

ఆ ఎండలో, ఆ కుదుపుల బస్సులో ఆ పిల్ల ఇల్లు చేరేదాకా ఉంటుందని ఎవరికీ నమ్మకం లేదు. డాక్టరమ్మ గారు ఆపరేషను గదిలో ఉన్నారు. నేను మేట్రన్ గారి దగ్గరికి పరుగెత్తి, “డాక్టరు రాసిందే పెట్టానండీ,” అన్నాను.

“పెట్టమనే రాసింది. దొంగగా పెట్టమని ఎక్కడ రాసింది?” అన్నారు ఆవిడ. “నేను చెబితే అధికారం చేసినట్టు ఉంటుంది. నువ్వు వెళ్లు. వాదించకు.”

నేను చూసిన పెద్దల్లో ఆవిడంత కఠినురాలు లేరు. ఆవిడకు రుణపడినంతగా ఇంకెవరికీ రుణపడి లేను.

వరండాలో

అంకమ్మ మంచం పక్క సామాను వరండాలోకి తెచ్చి మూట కడుతోంది. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

“తప్పు నాదే పెద్దమ్మా. మీ కళ్లు కప్పి పెట్టాను. డాక్టరమ్మది కాదు, ఎవరిదీ కాదు.”

“తప్పంటే సరిపోయిద్దా? పిల్ల పోతే నువ్వు తెచ్చిస్తావా?”

“తేలేను.”

ఆమె ముడి వేస్తూ ఆగింది. తరువాత నా వైపు చూడకుండా చెప్పింది.

“నాకో కూతురుండేది. దీనికన్నా చిన్నది. ఇదే జరం. పన్నెండు లంకణాలు చేసింది, జరం తగ్గింది. మామిడిపండు కావాలని ఏడ్చింది. మా దొడ్లో కాయే. రసం పండు ఒకటి ఇచ్చా. అది చీకుతా నవ్విందమ్మాయ్, జరం వచ్చినాక మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూసి ఇంకోటి ఇచ్చా. తెల్లారి కడుపునొప్పంది. పొద్దుగూకే లోపల పోయింది.”

మూట ముడి ఇంకోసారి లాగి బిగించింది.

“అప్పటినుంచి నేను మామిడిపండు ముట్టలా. కాసినయ్యి కాసినట్టు ఊళ్లో పంచుతా. నువ్వు చదువుకున్నోళ్ల దగ్గర పనిచేస్తన్నావు గదా, చెప్పు. నా కూతురు పండువల్ల పోయిందా?”

కాదని చెప్పాలనిపించింది. చెబితే ఆమె మూట విప్పుతుందేమో కూడా. కానీ కోటేశ్వరి విషయంలో ఆమెను ఒకసారి మోసం చేసి ఉన్నాను.

“నాకు తెలియదు పెద్దమ్మా. పండులో పీచు పుండుకి తగిలితే ప్రమాదమేనంటారు డాక్టరమ్మ. జరమే ముదిరినా అలా అయ్యేదంట. మీ అమ్మాయికి ఏదయిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.”

అప్పుడు ఆమె నా వైపు చూసింది.

“ఊరంతా నేనే చంపానన్నారు. కాదన్నోళ్లు నన్ను ఊరుకోబెట్టటానికి కాదన్నారు. తెలియదన్నదానివి నువ్వొక్కదానివే.”

లోపలినుంచి కోటేశ్వరి సన్నగా పిలిచింది. “అత్తా, ఇంకాసిని పెట్టమనవే.”

“నోరు ముయ్యవే. మూతి నాకే పిల్లిలా తయారయ్యావు.” కానీ ఆ మాటలో ఇందాకటి కోపం లేదు.

అరటిపండు మెత్తగా చేసి పెడతానన్నాను. “అది తినదు,” అంది అంకమ్మ. “పొద్దున నేనే పెట్టి చూశా. ఊసేసింది. రొట్టె తినదు, పాలు తాగదు. నాకు తెలియదా అది చిక్కిపోతందని?” చీర చెంగుతో మొహం తుడుచుకుంది. “నువ్వు చల్లగుంటదన్నావే, అందుకే భయమేసింది. చల్లగుంటే చలవ అయిపోయిద్దా? ఐసుగడ్డ చేతికి చల్లన, కడుపులో వేడి. మామిడిపండు అసలే వేడి. నువ్వు రెండు వేళ్లూ నిప్పుల్లోనే పెట్టావు.”

అప్పుడు తెలిసింది నాకు. నేను వంట గురించి మాట్లాడుతున్నాను, ఆమె ఒంటి గురించి మాట్లాడుతోంది. నాకు చల్లనంటే ఐసు తొట్టి. ఆమెకు చలవంటే మనిషి లోపల మంట ఆరడం. ఇద్దరం ఒకే మాట అనుకుంటూ మూడు రోజులు కొట్టుకున్నాం.

“ఏది చలవో మీరే చెప్పండి పెద్దమ్మా. మీ ముందే చేస్తాను. ఒక్క చుక్క మీరు వద్దన్నా వెయ్యను.”

గేటు దగ్గర రిక్షా ఆగింది. కొడుకు కేకేశాడు. “అమ్మా, బండొచ్చింది.”

“ఉండమను,” అని అంకమ్మ లేచింది.

ఆమె చెప్పినట్టు

మా వంటగదిలోకి బయటివాళ్లను రానివ్వకూడదు. అయినా ఎస్తేరమ్మ గారు అంకమ్మకు పీట వేశారు.

“సగ్గుబియ్యం చలవే,” అంది అంకమ్మ. “పాలు చలవే, కాచినయ్యి గాబట్టి. పండ్లు ఏవీ?”

చూపించాను.

“నానబెట్టావా?”

“కడిగానండీ.”

“కడిగితే వేడి దిగిద్దా? బకెట్లో ముంచు.”

ఎస్తేరమ్మ గారు నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు. పండ్లు నానుతున్నంతసేపు ముగ్గురం కూర్చున్నాం. రిక్షా అతను రెండుసార్లు గంట కొట్టాడు. తరువాత టెంక చుట్టూ ఉన్న పీచు జోలికి పోకుండా పైపై గుజ్జు మాత్రం తీయించింది. ఒకసారి వడకట్టాక గుడ్డ విప్పి చూసి, “ఇంకా పీచుంది,” అంది. రెండో మడత వేశాను. మళ్లీ చూసింది. ఇన్నాళ్లూ నేను ఒక మడతతోనే వడకట్టానని అప్పుడు గుర్తొచ్చింది. ఆ పది చెంచాలవల్ల ఏమీ కాలేదంటే అది నా పనితనం కాదు, దేవుని కనికరం.

ఐసు దగ్గర ఆగింది. తొట్టి వద్దంది. కొత్త కుండలో నీళ్లు పోయించి, అందులో గిన్నె దించి, పైన తడిగుడ్డ కప్పించింది. “ఈ చల్లదనం చాలు. పళ్లు జివ్వుమనగూడదు.” ఐసు లేకపోతే రుచి రాదనుకునేదాన్ని. ఆ రోజు రుచి చూశాక ఆ మాట ఇక ఎప్పుడూ అనలేదు. కుండ చల్లదనానికి మామిడి వాసన చావదు. ఐసులో సగం చస్తుంది.

గిన్నె తనే పట్టుకుంది. వార్డులో అందరూ లేచి చూస్తున్నారు. కోటేశ్వరి తల ఎత్తి దిండు మీద పెట్టి, చెంచా నింపింది. ఆ చెంచా కోడలి నోటికి కాకుండా తన నోటికి పోనిచ్చింది.

“అత్తా, నువ్వు మామిడిపండు తినవుగా,” అంది కోటేశ్వరి.

“మాట్లాడకు.”

మింగింది. కళ్లు మూసుకుని, ఎడమచెయ్యి పొట్ట మీద వేసుకుని కూర్చుంది. ఎంతసేపో చెప్పలేను. ఆమె కడుపుకి ఏమీ కాదని నాకు తెలుసు, డాక్టర్లకు తెలుసు, బహుశా ఆమెకూ తెలుసు. కళ్లు తెరిచి రెండో చెంచా కోటేశ్వరికి అందించింది. మూడోది, నాలుగోది. తొమ్మిది పెట్టాక, గుమ్మంలో నిలబడ్డ కొడుకు వైపు చూడకుండానే, “ఆ రిక్షాని పంపించెయ్యిరా,” అంది.

మీకు చెప్పదలచింది

కోటేశ్వరి పదహారు రోజులుండి, తన కాళ్లతో నడిచి గేటు దాటింది. అందులో మందుల పాలెంతో, వంట పాలెంతో నేను విడదీయలేను. విడదీయగలనని చెప్పే వంటవాళ్లను నమ్మకండి.

రోగి పక్కన కూర్చున్న మనిషి మీ పనికి అడ్డమని తోచిన రోజున, ఒక్క సంగతి ఆలోచించండి. మీరు గిన్నె పెట్టి వెళ్లిపోతారు. ఆ మనిషి రాత్రంతా అక్కడే ఉంటుంది. ఆమెకు మీకు తెలియని లెక్క ఏదో ఉంటుంది. అది తప్పే కావచ్చు. అడగకుండా మాత్రం తీసెయ్యకండి. నేర్పుగా మాట్లాడి ఒప్పించడం కన్నా, తెలియనిది తెలియదనడం ఎక్కువ పనిచేస్తుంది. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. చదవగలిగిన పుస్తకాలు నాకు తక్కువే.

ఆ రోజు తరువాత పదవీ విరమణ దాకా నేను వార్డుకు పంపిన ప్రతి ట్రేలోనూ గిన్నెతో పాటు రెండు చెంచాలు పెట్టాను. స్టోరు గుమాస్తా ఒకసారి అడిగాడు, ఒక రోగికి రెండు చెంచాలెందుకని. ఒకటి మంచం మీద మనిషికి, ఒకటి నేల మీద మనిషికి అని చెప్పాను. ఆయన రాసుకున్నాడో లేదో తెలియదు. మీరు మాత్రం రెండూ పెట్టండి.